గరికకి పాకడం నేర్పిన పిల్ల

ఒకప్పుడు గరిక పాకేది కాదు, నిలబడేది.

ఇప్పుడు చెబితే మీరు నమ్మరు. కాళ్ళ కింద మెత్తగా పరుచుకునే ఈ గరికే అప్పట్లో మోకాలెత్తున పెరిగేది. ఒక్క వేరు, ఒక్క కాడ. నిటారుగా నిలబడేది. పక్కనున్న గరిక గాలికి ఊగి కాస్త తగిలిందా, "దూరంగా ఉండు, నన్ను ఆనుకోకు" అని కసిరేది. అంత పొగరు దానికి.

అందుకని ఒక కాడకీ ఇంకో కాడకీ మధ్య బెత్తెడు నేల ఖాళీగా ఉండిపోయేది. ఈ కథలో గొడవంతా ఆ బెత్తెడు ఖాళీ దగ్గరే మొదలైంది.

సముద్రం ఒడ్డున ఉప్పు పండించేవాళ్ళ ఊరు ఒకటి ఉండేది. వాళ్ళు సముద్రపు నీళ్ళని మళ్ళలోకి పారించి, ఎండకి ఆరనిచ్చి, అడుగున తేరిన ఉప్పుని చెక్క పలకలతో లాగి కుప్పలు పోసేవాళ్ళు. పంటినొప్పికి ఉప్పు, పిల్లలకి దిష్టి తీయడానికి ఉప్పు, చేపలు దాచుకోడానికి ఉప్పు. ఉప్పుతో కాని పని లేదని ఆ ఊరివాళ్ళ నమ్మకం.

ఆ ఊళ్ళో నూకాలు అనే పెద్దావిడ ఉండేది. కోపం ఆవిడ ముక్కు మీదే ఉండేది గానీ అక్కడ ఎక్కువసేపు నిలిచేది కాదు. ఆవిడ మొగుడు దాలయ్యకి కోపం అసలు రాదు, ఆకలి మాత్రం వస్తూనే ఉంటుంది. కొడుకూ కోడలూ పొద్దున్నే ఉప్పు మళ్ళకి వెళ్ళిపోతే, వాళ్ళ పిల్ల బంగారి రోజంతా నాయనమ్మ నూకాలు దగ్గరే ఆడుకునేది.

నూకాలు ఇంటి ముందు వాకిట్లో పచ్చిక ఉండేది. గట్టిగా నాలుగు చాపలు పరిస్తే నిండిపోయేంత జాగా. అయినా ఊరు మొత్తానికి పచ్చిక ఉన్న వాకిలి అదొక్కటే. గుమ్మం పక్కన కాళ్ళు కడుక్కునే రాయి, రాయి పక్కన మంచినీళ్ళ గోలెం, ఆ పక్కన ఒక మునగచెట్టు. మళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆ రాయి మీద ఉప్పు కాళ్ళు కడుక్కుని గాని లోపల అడుగు పెట్టేవాళ్ళు కాదు. లేకపోతే నూకాలు ఊరుకోదు.

అంతా బాగానే ఉంది గానీ నూకాలుకి ఒక బెంగ ఉంది. బంగారి నడవడం లేదు.

ఏడాది నిండి నాలుగు నెలలైంది. తోటి పిల్లలు వీధిలో కోడిపిల్లల వెంట పరుగులు పెడుతున్నారు. బంగారి మాత్రం పాకుతూనే ఉంది. పిల్ల మొదటి అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటి మీద అడుగు వేయించి, వీధిలో అందరికీ పంచిపెట్టాలి. అందుకోసం నూకాలు బెల్లం, నువ్వులు తెచ్చి ఉట్టి మీద పెట్టుకుని కూర్చుంది. బెల్లం రంగు మారింది. చీమలు ఉట్టితాడు మీద దారి కూడా వేసుకున్నాయి.

"గుంట నడిచిందేటే?" అని అడిగేవాడు దాలయ్య రోజూ మళ్ళ నుంచి ఇంటికొస్తూనే, ఉట్టి వంక చూస్తూ.

"నువ్వు అడుగుతున్నది గుంట గురించా, అరిసెల గురించా?" అనేది నూకాలు.

"రెండూ ఒకటే కదేటే," అనేవాడు దాలయ్య.

బంగారికి కాళ్ళలో బలం లేక కాదు. నాలుగు నెలల కిందట ఒకసారి నిలబడింది. గోలెం అంచు పట్టుకుని లేచి, నవ్వుతూ వాకిట్లోకి ఒక్క అడుగు వేసింది. ఆ అడుగు సరిగ్గా పల్లేరుకాయ మీద పడింది.

పల్లేరు తెలుసు కదా! చాప పరిచినట్టు నేల మీద పడుకుంటుంది. చిన్న చిన్న పసుపు పూలు పూస్తుంది. పూలు చూస్తే ముద్దొస్తాయి. ఆ పూలే కాయలవుతాయి. కాయకి చుట్టూ ముళ్ళు. ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది.

గరికల మధ్య ఖాళీ నేలలో ఆ పల్లేరు చేరింది. పాపం, పిల్ల అరికాల్లో ముల్లు దిగి, గుక్కపట్టి ఏడ్చింది. అప్పటినుంచి ఎవరు నిలబెట్టబోయినా రెండు కాళ్ళూ పొట్టలోకి ముడిచేసుకునేది. ఎంత బతిమాలినా నేల మీద పాదం పెట్టేది కాదు.

నూకాలు మనసులో ఇంకో ముల్లు కూడా ఉంది. పల్లేరు మొదటిసారి వాకిట్లో తలెత్తినప్పుడు చూసింది తనే. పీకేద్దామని వంగి, పసుపు పువ్వు చూసి ముచ్చటపడి, "పోనీలే, ఒక్కటే కదా" అని వదిలేసింది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత పీకింది. పీకకేం, రోజూ పీకింది. కాకపోతే కాయలు ముదిరి రాలుతుంటే పీకింది. తీగ చేతికొచ్చేది, కాయలు నేల మీద రాలిపోయేవి. మళ్ళీ వాన పడితే ఒకటున్నచోట పది మొలిచేవి. కోపం వచ్చి కొడవలి తీసుకుని పచ్చిక మొత్తానికి బోడిగుండు చేసేది. గరిక పాపం మొదళ్ళు మాత్రమే మిగిలి నిలబడేది. పల్లేరు నేలకి అంటుకుని ఉంటుంది కదా, దానికి కొడవలి తగిలేదే కాదు.

ఒకరోజు నూకాలు కోపం ముక్కు మీద నుంచి తలకెక్కింది.

"ఉండు నీ పని చెబుతా," అని కావిడి భుజానికెత్తుకుంది. ఉప్పు లాగేశాక మడి అడుగున చేదునీళ్ళు మిగులుతాయి. చిక్కగా ఉంటాయి, నాలుకకి తగిలితే మంట. ఊరివాళ్ళు వాటిని తిరిగి సముద్రంలోకి వదిలేస్తారు. నూకాలు ఆ నీళ్ళు రెండు కుండలు నింపుకుని ఇంటికి బయల్దేరింది.

దారిలో దాలయ్య ఎదురొచ్చాడు. "ఆ నీళ్ళు నేల మీద పోస్తావేటే? మడిగట్టు మీద అవి పడ్డచోట ఏం మొలుస్తుందో ఎప్పుడైనా చూశావా?"

"చూశాను. ఏదీ మొలవదు. నాక్కావలసింది అదే," అంది నూకాలు.

అని వాకిలంతా పోసింది. మళ్ళీ వెళ్ళి ఇంకో రెండు కుండలు తెచ్చి పోసింది. రాయి పక్కకి వచ్చేసరికి కుండ ఖాళీ అయింది. "చాల్లే" అనుకుని చేతులు దులుపుకుంది.

మూడు రోజుల్లో పల్లేరు మాడిపోయింది. నూకాలు నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. నాలుగో రోజు గరిక ఎండిపోయింది. నవ్వు ఆగింది. ఆరో రోజు మునగచెట్టు ఆకులు పసుపురంగుకి తిరిగి రాలడం మొదలుపెట్టాయి. వాకిలి మీద తెల్లటి పెచ్చు కట్టింది. అటు కాకి కూడా వాలడం లేదు.

ఏడో రోజు పొద్దున్న ఒక ముసలి వానపాము నేలలోంచి బయటికొచ్చింది. వెనకాల పిల్లలు, మనవలు, మునిమనవలు. అందరూ వరసగా వాకిలి అవతలి గట్టువైపు పోతున్నారు.

"ఎక్కడికే ప్రయాణం?" అని అడిగింది నూకాలు.

"ఎక్కడికైనా, నూకాలమ్మా. ఈ నేల మండిపోతోంది. మా తాతల నాటి నుంచి నీ వాకిలిని గుల్ల చేసి, గాలి ఆడేలా దున్ని పెట్టాం. కూలి అడిగామా? కూడు అడిగామా? మా మీద ఎందుకు పోశావు తల్లీ?"

"మీ మీద పోశానా? పల్లేరు మీద పోశాను!"

"నీళ్ళకేం తెలుసు ఎవరి మీద పడాలో?" అంది వానపాము. "పోనీ, పల్లేరు చచ్చిందనుకున్నావా? ఆకులు చచ్చాయి. గింజలు గట్టి పెంకుల్లో కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. పెంకు లేనిది మాకే."

అంటూనే అది సాగిపోయింది. నూకాలుకి తప్పు చేశానని మొదటిసారి అనిపించింది.

తలెత్తి చూస్తే సముద్రం మీద నల్లటి మేఘం కనిపించింది.

"ఓ వానమ్మా! తొందరగా రా తల్లీ! వచ్చి ఈ చేదంతా కడిగెయ్!" అని కేకేసింది.

మేఘం కదల్లేదు. "కడిగితే ఎక్కడికి పోతుందే?" అంది ఉరుముతూ. "నీ వాకిలికి దిగువన ఊరి మంచినీళ్ళ బావి ఉంది. నేనిప్పుడు కురిస్తే నీ చేదంతా ఆ బావిలోకి దిగుతుంది. ఊరంతా తాగుతారు, నీ బంగారితో సహా. ముందు ఆ పెచ్చు గీసి, ఎక్కడిది అక్కడికి మోసుకుపో. అందాకా నేను ఇక్కడే నిలబడతా."

నూకాలు పార తీసుకుంది. ఎండలో వంగి తెల్లటి పెచ్చు గీకడం మొదలుపెట్టింది. దాలయ్య వచ్చి చూశాడు. "నేను ముందే చెప్పానా" అనలేదు. ఆ మాట అనకపోవడమే దాలయ్యలోని గొప్పతనం. గంపెత్తుకుని మట్టి మోయడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ మూడు రోజులు మోశారు. ఉప్పు మళ్ళు దాటి సముద్రపు ఒడ్డున పోశారు. ఖాళీ అయిన వాకిలికి ఊరవతల నుంచి ఎర్రమట్టీ, మాగిన పెంటా తెచ్చి పరిచారు. దాలయ్యకి నడుం పట్టేసింది. "అరిసెలకి ఇంత కష్టమా" అని ఒక్కసారి మాత్రం మూలిగాడు.

అప్పుడు వాన కురిసింది. ఒక రోజంతా తీరిగ్గా కురిసింది.

నూకాలు రోజూ గుమ్మంలో కూర్చుని నేల వంకే చూసింది. అయిదో రోజు ఒక చిన్న పచ్చటి మొలక కనిపించింది. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్ళి వంగి చూసింది.

పల్లేరు!

"నూకాలమ్మకి దణ్ణాలు," అంది పల్లేరు. "నేల భలే శుభ్రం చేసి పెట్టావే! గరిక లేదు, అడ్డు లేదు. నా పిల్లలందరూ వస్తున్నారు. ఖాళీ నేల కనిపిస్తే చాలు, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టే ఉంటుంది మాకు."

"నిన్ను ఇప్పుడే పీకేస్తా!"

"పీకు. నీ పీకుడు నాకు తెలియదా? కాయలు రాలేదాకా ఊరుకుని, అప్పుడు పీకుతావు. ఆ విదిలింపుకే మావాళ్ళు వాకిలంతా పడతారు. మిగిలినవాళ్ళని మీ ఆయన మోస్తాడు. మడిగట్టు మీద నుంచి మీ ఇంటికి నేను నడిచొచ్చాననుకున్నావా? దాలయ్య చెప్పులెక్కి వచ్చా."

వెనకాల నిలబడి వింటున్న దాలయ్య గబుక్కున చెప్పు తిప్పి చూసుకున్నాడు. అడుగున ఏడు పల్లేరుకాయలున్నాయి. ఆ మనిషి ముఖం చూడాలి అప్పుడు!

నూకాలు కాళ్ళు కడుక్కునే రాయి మీద కూలబడింది. వాకిలి పోయింది, పచ్చిక పోయింది, మునగ ఆకు పోయింది, వానపాములు పోయాయి. పోనిదల్లా పల్లేరు. ఇంక తన బంగారి ఎక్కడ అడుగు పెడుతుంది? కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

"ఎందుకలా ఏడుస్తావు? నా మీద పడుతున్నాయి కన్నీళ్ళు," అన్నారెవరో.

రాయి అంచున ఒకే ఒక్క గరిక నిలబడి ఉంది. చేదునీళ్ళ కుండ ఖాళీ అయింది అక్కడే కదా! పైగా ఆ గరిక పుట్టినప్పటినుంచి ఉప్పు కాళ్ళు కడిగిన నీళ్ళే తాగింది. కాస్తో కూస్తో ఉప్పు దాన్ని ఏం చెయ్యలేకపోయింది.

"నువ్వున్నావా తల్లీ!" అని నూకాలు కళ్ళు తుడుచుకుంది. "నువ్వన్నా ఈ వాకిలి నింపవే. నా గుంట అడుగు వెయ్యడానికి కాస్త మెత్తటి చోటు కావాలి."

"నేనొక్కదాన్ని ఏం నింపను? నేను నిలబడేదాన్ని. నిలబడితేనే నాకు ఆ మళ్ళ అవతల సముద్రం కనిపిస్తుంది. నా కింద నేల ఎవరిదైతే నాకేం?"

"నీ కింద నేల పల్లేరుదైపోయింది."

"కొడవలితో నాకు బోడిగుండు చేసిందెవరు? చేదునీళ్ళు పోసి మావాళ్ళందర్నీ చంపిందెవరు?" అంది గరిక.

నూకాలు తల వంచుకుంది. "నేనే," అంది.

అప్పుడే బంగారి గుమ్మం దిగింది. నాయనమ్మ ఏడుస్తోంది కదా, ఆ పిల్ల చూస్తూ ఊరుకుంటుందా? కాళ్ళతో రాదు, అందుకని పాకుతూ వచ్చింది. అరచెయ్యి నేలకి ఆనించి, మోకాలు ముందుకి లాగి, మళ్ళీ అరచెయ్యి, మళ్ళీ మోకాలు. ఎక్కడికక్కడ నేలని పట్టుకుంటూ, పట్టు దొరికాకే ముందుకి కదులుతూ వాకిలంతా దాటి రాయి దగ్గరికొచ్చింది.

వచ్చి, నాయనమ్మ ఒళ్ళోకెక్కడానికి ఆసరా కోసం గరికని పట్టుకుంది. ఒక్క కాడ ఎంతకని ఆగుతుంది? వంగి, పిల్లతో పాటు నేల మీద పడింది. బంగారి చతికిలబడి, ఇదేదో ఆటనుకుని కిలకిలా నవ్వింది. నవ్వుతూ చిన్న అరచేత్తో ఆ కాడని తడిమట్టిలోకి ఒక్కటి అదిమింది.

"అయ్యయ్యో!" అని నూకాలు పుల్ల ఒకటి తెచ్చి గరికని నిలబెట్టబోయింది.

"ఉండు," అంది గరిక.

"నడుం విరిగిందా?"

"లేదు. ఉండవే. ఇక్కడ నా కణుపు దగ్గర చల్లగా ఉంది. నేలకి ఇంత చల్లదనం ఉందని నాకు తెలియదు."

గరిక అలాగే పడుకుని బంగారి వంక చూసింది. పిల్ల మళ్ళీ పాకుతోంది. చెయ్యి, మోకాలు. చెయ్యి, మోకాలు.

"ఈ పిల్ల పడిపోదేం?" అని అడిగింది గరిక.

"నేలని పట్టుకుంది కదా, ఎక్కడికి పడుతుంది?" అంది నూకాలు.

గరిక తన కణుపుని ఇంకాస్త నేలకి ఆనించింది. "పల్లేరు కూడా నేల మీదే ఉంటుంది," అంది.

"పల్లేరు పడుకుంటుంది, పాకదు. నడిమధ్యన ఒక్క వేరే దానికి. ఆ వేరు ఊడితే అంతా ఊడినట్టే. నా గుంటని చూడు, నాలుగుచోట్ల పట్టు."

నాలుగు రోజులకి నేలలో ఒదిగిన ఆ కణుపు దగ్గర తెల్లటి వేరు పుట్టింది. గరిక దాన్ని చూసుకుని మురిసిపోయింది. కాస్త ముందుకి సాగి ఇంకో కణుపు ఆనించింది. అక్కడా వేరు వచ్చింది.

"సరే, నేను పాకుతాను," అంది గరిక. "సముద్రం కనిపించదు. అది నాకు బాధే, దాచుకోను. కానీ నువ్వూ నా మాట వినాలి. మళ్ళీ చేదునీళ్ళు పోశావంటే నేను నీ మొహం చూడను."

"నా మీదొట్టు," అంది నూకాలు.

"నీ మీద కాదు, ఆ పిల్లని చూసి చెప్పు. కొడవలితో నన్ను చర్మం దాకా గొరక్కు. నాలుగు వేళ్ళ ఎత్తు ఉంచితే నా నీడలో పల్లేరు మొలవదు. దానికి ఎండ కావాలి. ఇంక నేను చేరలేని చోట దాన్ని నువ్వు పీకాలి. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పువ్వు చూసి మురిసిపోకుండా, వేరుతో సహా."

పువ్వు మాట వినగానే నూకాలు ఉలిక్కిపడింది. "నీకు తెలుసా?"

"నేను అప్పుడు నిలబడే ఉన్నాను కదే," అంది గరిక.

ఆ రోజు నుంచి నూకాలు ఇంట్లో పని తీరు మారింది. వాన వెలిసిందంటే చాలు, ఆవిడా దాలయ్యా వాకిట్లో గొంతుక్కూర్చునేవాళ్ళు. పల్లేరు మొలక రెండు ఆకులు తొడిగేసరికే మొదలు పట్టుకుని, వేరుతో సహా మెల్లగా లాగేవాళ్ళు. లాగినచోట గొయ్యి పడితే గుప్పెడు మట్టి వేసి, గరిక కొసని అటు తిప్పేవాళ్ళు. గోడ పక్కన గలిజేరు, పాయలకూర మొలిస్తే మాత్రం పీకలేదు. "ఇవి ఎవర్నీ గుచ్చలేదు, పప్పులోకి పనికొస్తాయి, ఉండనీ" అంది నూకాలు. దాలయ్యకి ఆ మాట చాలా నచ్చింది.

దాలయ్యకి ఇంకో పని కూడా పడింది. మళ్ళ నుంచి రాగానే రాయి మీద కూర్చుని, చెప్పులు తిరగేసి, పట్టకారుతో పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీసి పొయ్యిలో వెయ్యాలి. అది చూపించాకే అన్నం.

చిక్కుడు పూతకొచ్చే వేళకి వాకిలంతా పచ్చగా అల్లుకుంది. ఇప్పుడు గరికలు "దూరంగా ఉండు" అనడం లేదు. ఒకదాని మీద ఒకటి చెయ్యేసుకుని పాకుతున్నాయి. బెత్తెడు కాదు కదా, వేలెడు ఖాళీ కూడా లేదు. ఒక పొద్దున్న ముసలి వానపాము గట్టు దిగి వచ్చింది. నేల రుచి చూసి, వెనక్కి తిరిగి, "రండర్రా, బాగానే ఉంది" అని పిలిచింది. మునగచెట్టు కొత్త చిగుళ్ళు వేసింది.

కానీ బంగారి?

నూకాలు పిల్లనెత్తుకుని పచ్చిక మధ్యకి తీసుకెళ్ళింది. "చూడమ్మా, ఎంత మెత్తగా ఉందో" అని మెల్లగా దింపింది. బంగారి రెండు కాళ్ళూ పొట్టలోకి ముడిచేసింది. మళ్ళీ దింపింది. మళ్ళీ ముడిచేసింది. మూడోసారి ఏడుపు అందుకుంది.

నూకాలుకి నీరసం వచ్చేసింది. "ఇంత చేసి ఏం లాభం?" అని పిల్లని పచ్చిక మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుండిపోయింది. "ముల్లు తీసేశాను గానీ భయం తియ్యలేకపోతున్నానే."

"నువ్వు దింపకు," అని గుసగుసగా అంది గరిక. "నాకు పాకడం నేర్పింది కదా, దానికి నిలబడడం నేను నేర్పుతా. నాకు నిలబడడం కొత్తేం కాదు."

బంగారి కూర్చున్నచోటికి మూరెడు దూరంలో గరిక ఒక సన్నటి కాడని పైకి లేపింది. ఎన్నాళ్ళకో నిలబడింది కదా, కాస్త వణికింది. కాడ చివర నాలుగైదు సన్నటి వేళ్ళు విచ్చుకున్నాయి. అచ్చం పసిపిల్ల చాపిన చెయ్యి. ఆ చెయ్యి గాలిలో ఊగుతూ బంగారిని పిలిచింది.

బంగారి ఏడుపు ఆపింది. చెయ్యి చాపింది. అందలేదు. పాకుతూ దగ్గరికెళ్ళింది. కూర్చుని అందుకోబోతే ఇంకా కాస్త పైన ఉంది. అరచేతులు నేలకి ఆనించి, పిరుదులు పైకెత్తి, తడబడుతూ లేచింది.

నూకాలు చాపబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

గరిక ఆ కాడని మెల్లగా వంచేసి, ఇంకో అడుగు అవతల ఇంకో చెయ్యి లేపింది. బంగారి దాని కోసం ఒక అడుగు వేసింది. పాదం కింద మెత్తగా, చల్లగా తగిలింది. పిల్ల ఒక్క క్షణం ఆగి, కిందకి చూసుకుంది. ఏమీ గుచ్చలేదు. ఇంకో చెయ్యి లేచింది. ఇంకో అడుగు. అలా చెయ్యి వెంట చెయ్యి లేస్తుంటే, అడుగు వెంట అడుగు వేసుకుంటూ వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, రాయి మీద చెప్పులు తిరగేసుకుని కూర్చున్న దాలయ్య మోకాళ్ళ మీద పడింది.

దాలయ్య పట్టకారు జారవిడిచాడు. పిల్లని గుండెకి హత్తుకున్నాడు. ఆ మనిషి కళ్ళు తుడుచుకోవడం నూకాలు అదే మొదటిసారి చూడడం.

"నడిచిందే! గుంట నడిచిందే!" అని అరిచాడు. ఆ రోజు ఆయన ఉట్టి వంక చూడనే లేదు.

అరిసెలు వండారు. పచ్చిక మీద అరిటాకు పరిచి, దాని మీద అరిసెలు పేర్చి, బంగారి చేత అడుగు వేయించారు. వీధి వీధంతా వచ్చి తిన్నారు. కాస్త పాతబెల్లం వాసన వచ్చింది గానీ ఎవరూ పైకి అనలేదు. ఎవరి ఇంటికి వాళ్ళు వెళుతూ, "నూకాలూ, నీ గరిక రెండు కణుపులు ఇవ్వవే" అని అడిగి పట్టుకెళ్ళారు. ఆవిడ ఇస్తూ ఇస్తూ, చేదునీళ్ళ సంగతీ, పసుపు పువ్వు సంగతీ దాచకుండా అందరికీ చెప్పింది.

పల్లేరు కూడా మూట కట్టుకుంది. "ఇక్కడ మాకు చోటు లేదు" అంది. "మడిగట్టు అంతా నీదే, హాయిగా ఉండు. చెప్పులెక్కి మాత్రం రాకు" అని నూకాలు దానికి మర్యాదగానే చెప్పి పంపింది.

అప్పటినుంచే గరిక నిలబడడం మాని పాకడం మొదలుపెట్టింది. కణుపు కణుపు దగ్గరా ఒక వేరు దించి, నేలని పట్టుకుని సాగుతుంది. ఒకచోట తెగినా ఇంకోచోట బతుకుతుంది. కాస్త ఉప్పు నేలైనా ఓర్చుకుంటుంది. పల్లేరు మాత్రం బోడి నేల కోసం గట్ల మీద ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉంది.

ఇంకో సంగతి. గరిక మధ్యమధ్యలో ఒక సన్నటి కాడని పైకి లేపి, చివర నాలుగైదు వేళ్ళు చాపి ఊపుతుంది. మీరూ చూసే ఉంటారు. సముద్రం కోసం చూస్తోందేమో అంటారు కొందరు. సముద్రాన్ని అది ఎప్పుడో మరిచిపోయింది. నేల మీద పాదం పెట్టడానికి భయపడే పిల్ల ఎవరైనా వస్తే అందుకుంటుందని, ఆ చెయ్యి చాపి ఉంచుతుంది.